ప్రదక్షిణం చేసిన త్రిభుజం

ఆ వార్త మా ఇంటికి మొదట మోసుకొచ్చింది మా చిన్నాయన. బాపు పోయాక ఇంటికి పెద్దదిక్కు ఆయనే. ఇబ్రహీంపట్నంలో కొత్తగా వెలిసిన ఒక ప్రైవేటు బడి హాస్టలుకు పాలు పోసేవాడు. ఆ పొద్దున ఖాళీ క్యాన్లు బండికి వేలాడుతుండగానే, స్టాండైనా సరిగ్గా వేయకుండా, వాకిట్లోంచే కేకేశాడు.

“ఏం బిడ్డా! సీటు ఇయ్యరట. లెక్కలల్ల సున్న అచ్చిందట నీకు!”

నేను తులసికోట చుట్టూ తిరుగుతున్నాను. మధ్యలో ఆగకూడదని ఆ చుట్టు పూర్తి చేసి, దండం పెట్టుకున్నాకే వెనక్కి చూశాను. అప్పటికే అమ్మ గడపలోకి వచ్చేసింది.

“ఒక్క మార్కు గూడ రాలేదా?”

“రాలేదు వదినా. ఆ లెక్కల సారు ఏమన్నడో ఎర్కనా? ఈ పిల్లకు ఇంట్ల ఎవలో అన్నీ ఉల్టా నేర్పిండ్రు అన్నడు. అందరి ముంగట అన్నడు. నా ఇజ్జత్ పోయింది.”

ఆ మాట అంటూ ఆయన నన్ను చూడలేదు, వంటింటి వైపు చూశాడు. లోపల మా వదిన జొన్నరొట్టె కొడుతోంది. ఆ చప్పుడు ఆగింది. కాసేపటికి మళ్ళీ మొదలైంది.

నేను బడి మానింది చదువు రాక కాదు. ఎనిమిదో తరగతిలో కీళ్ళజ్వరం వచ్చి గుండెకు తగిలింది. పట్నంలో పెద్ద దవాఖాన డాక్టరు, పిల్ల ఎక్కువ నడవొద్దు, నెలనెలా సూది తప్పొద్దు అన్నాడు. ఆ డాక్టరుకూ, ఆయన చేతిలో నన్ను పెట్టిన దేవుడికీ నేను ఎంత రుణపడి ఉన్నానో చెప్పలేను. కానీ బడిలో నా పేరు కొట్టేశారు. నేను మంచానికి అంటుకుపోయిన ఆ ఏడే మా అన్నకు పెళ్ళయి, హయత్‌నగర్ నుంచి వదిన వచ్చింది. లెక్కల గ్రూపులో ఇంటర్ పూర్తి చేసిన పిల్ల. డిగ్రీలో చేరాల్సిన నెలలో మెడలో పుస్తె పడింది. కొత్త కోడలు బట్టలు సర్దుకుంటుంటే పెట్టె అడుగున లెక్కల పుస్తకాలు కనబడ్డాయని అమ్మ చాలాకాలం నవ్వేది.

మా ముందుగదిలో చదరపు షాబాద్ బండలు పరిచి ఉండేవి. ఆ బండల నేలే నాకు గ్రాఫు కాయితమైంది. గుమ్మం నుంచి పెరటి తలుపు దాకా పోయే అతుకు వై-అక్షం, దాన్ని అడ్డంగా కోసే అతుకు ఎక్స్-అక్షం. రెండూ కలిసేచోట వదిన ఒక పసుపుకొమ్ము పెట్టేది. అది మూలబిందువు. బిందువులకు చింతగింజలు. “మూడు బండలు కుడికి, రెండు బండలు కిందికి. పెట్టు పిల్లా” అనేది. నేను మంచం మీంచే వంగి గింజ పెట్టేదాన్ని. రెండు గింజల మధ్య దూరం కావాలంటే, బండల అంచుల వెంట అడ్డంగా ఎంత, నిలువుగా ఎంత అని లెక్కపెట్టి, రెంటి వర్గాలూ కలిపి వర్గమూలం తీయమనేది. అట్లా కళ్ళతో చూసి నేర్చుకున్నది నేనింక మరవలేదు.

మరవలేనిది మరొకటి ఉంది. నా చేతికి ఒక అలవాటు. ఏ ఆకారం ఇచ్చినా మూలల్ని ప్రదక్షిణంగానే తిరిగేదాన్ని, తులసమ్మను కుడిచేతి వైపు ఉంచుకొని తిరిగినట్టు. పైగా అవి ఊరంతా ప్లాట్లయిన రోజులు. అటు విమానాశ్రయం వస్తోందని, ఇటు రింగు రోడ్డు వస్తోందని, రావిర్యాల దాకా చేలల్లో సున్నం పూసిన రాళ్ళు మొలిచాయి. మా అన్న కూడా బండి మీద తిరిగి ప్లాట్లు చూపించేవాడు. మా అరుగు మీద కూర్చున్న ప్రతివాడి నోటా ఈశాన్యం మాటే. అది విని విని నేను కూడా అక్షాల మధ్య నాలుగు భాగాలను, అంటే పాదాలను, ఈశాన్యం నుంచి మొదలుపెట్టి ఆగ్నేయం, నైరుతి, వాయవ్యం అని లెక్కపెట్టేదాన్ని. పుస్తకమూ ఈశాన్యం నుంచే మొదలుపెడుతుంది గానీ, అటు నుంచి వాయవ్యానికి పోతుంది. నా రెండో పాదం పుస్తకానికి నాలుగోది.

“గుడి చుట్టు నువ్వు తిరిగేది ఒక దిక్కు, పుస్తకం తిరిగేది ఇంకో దిక్కు” అని వదిన నవ్వేది. “పాదాల కాడ మాత్రం పుస్తకం చెప్పినట్టే వినాలె. గది అందరు కలిసి పెట్టుకున్న వరుస.”

త్రిభుజం వైశాల్యం దగ్గర మాత్రం ఆమె నా చెయ్యి పట్టి తిప్పలేదు. మూడు మూలలను నేను ప్రదక్షిణంగా తీసుకొని సూత్రంలో వేస్తే, ప్రతిసారీ జవాబుకు ముందు మైనస్ వచ్చేది. మొదటిసారి మైనస్ ఎనిమిది చూసి భయపడి చెరిపేయబోయాను. వదిన చెయ్యి అడ్డం పెట్టింది.

“చెరపకు. మైనస్ అంటె జాగ తగ్గినట్టు గాదు. నువ్వు ఎటు తిరిగినవో చెప్పుతది గంతే. అటు ఇటు రెండు నిలువు గీతలు వెట్టు. వాటి నడుమ నుంచి బయటికి వచ్చినంక ఉత్త ఎనిమిదే మిగులుతది.”

ఒంట్లో కాస్త ఓపిక వచ్చాక, పదో తరగతి రాయాలని నాకు ఆశ పుట్టింది. చిన్నాయనే ఆ ప్రైవేటు బడిలో మాట్లాడి, పరీక్ష పెట్టి తీసుకుంటారని చెప్పాడు. అందుకు ఆయనకు ఈరోజుకీ దండమే. నేను కాయితం పైన శ్రీ రాసుకొని మొదలుపెట్టాను. మూడు, మైనస్ రెండు అనే బిందువు ఏ పాదంలో ఉందని అడిగారు. కంగారులో చెయ్యి పాత దారినే పోయింది. రెండో పాదమని రాశాను. అది తప్పే. తర్వాత త్రిభుజం. రెండు, అయిదు; రెండు, ఒకటి; ఆరు, మూడు. ఇచ్చిన వరుస వదిలి నా వరుసలో తిరిగాను. సూత్రంలో వేసి సగం చేస్తే మైనస్ ఎనిమిది. గీతలు పెట్టాను. ఎనిమిది చదరపు యూనిట్లు అని రాసి కింద గీత కొట్టాను. మిగిలినవీ ఆ తీరుగానే చేశాను. ఒక్కటి పోయిందనుకున్నాను గానీ, అన్నీ పోయాయని చిన్నాయన కేకేసేదాకా అనుకోలేదు.

ఆ మధ్యాహ్నమే వదిన చీర మార్చుకుంది. “అత్తమ్మా, పిల్లను తీస్కపోయి ఆ కాయితం ఒకపారి సూసొస్త” అంది. అమ్మ వద్దనేలోపే మేమిద్దరం ఆటోలో ఉన్నాము.

ఆ బడి ఆఫీసు గదిలో లెక్కల సారు, ఒక గుమాస్తా ఉన్నారు. సారు నా కాయితం తీసి మొదట గుమాస్తాకే చూపించాడు.

“పైన శ్రీ. పరీక్ష రాసినవా పిల్లా, దేవునికి అర్జీ పెట్టినవా?”

గుమాస్తా నవ్వాడు. నేను తల దించుకున్నాను. వదిన దించుకోలేదు.

“పాదం తప్పు రాసింది సార్. గది తప్పే, ఒప్పుకుంట. కని ఈ త్రిభుజం ఎందుకు కొట్టేసిండ్రు? జవాబు ఎనిమిదే గద?”

“మధ్యల మైనస్ ఎట్ల అచ్చింది? జాగకు మైనస్ ఉంటదా అమ్మా? ఏ చెర్ల మునిగింది నీ త్రిభుజం?”

“చెర్ల మునగలే సార్. కుడిచెయ్యి దిక్కు తిరిగింది. గీతలు వెట్టింది సూడుండ్రి.”

“నువ్వేం చదివినవ్?”

“ఇంటర్.”

“ఆ తర్వాత?”

“పెండ్లయింది.”

“ఆఁ, గదే అనుకున్న” అని సారు గుమాస్తా వైపు చూసి మళ్ళీ నవ్వాడు. వదిన కదలలేదు. కాయితం మీద వేలు పెట్టి అట్లాగే నిలబడింది. చివరికి గుమాస్తాను ఏదో పని మీద బయటికి పంపించి, సారు గొంతు తగ్గించాడు. ఆయన అన్నమాటలు నేను పక్కనే నిలబడి విన్నాను.

“లెక్క నాకు తెల్వదా అమ్మా? కరెక్టే.”

వదిన వేలు కాయితం మీదే ఉంది. “మరి సున్న ఎందుకు?”

“పిల్లకు గుండె జబ్బని విన్నం. పబ్లిక్ పరీక్ష ముంగట దవాఖానల పడితె మాకు బద్నాం. నూటికి నూరు పాసని గేటు మీద బోర్డు పెట్టుకున్నం.”

“గా మాట మొదలే చెప్తె అయిపోవు గద సార్.”

“మీ మామ రోజు పాలు పోసేటాయన. జబ్బు పిల్ల వద్దంటె మనసు నొస్తది. లెక్కలు రాలేదంటె ఎవలకు బాధ ఉండదు.”

ఎవరికీ బాధ ఉండదట! జబ్బు ఉన్న పిల్లను వద్దనుకోవడం ఒక అన్యాయం. దానికి ముసుగు వేయడానికి, సరైన లెక్కను తెలిసి తెలిసి కొట్టేశాడు. నేర్పిన మనిషిని ఊరి ముందు ఉల్టా మనిషిని చేశాడు. మా వదిన ఆ ‘ఎవరికీ’లోకి రాదా? మధ్యాహ్నం పూట నడుము వాల్చాల్సిన గంటలో నా మంచం పక్కన నేల మీద కూర్చున్న మనిషికి బాధ ఉండదా? నేను రోజూ దేవుడి ముందు అందరికీ మంచి జరగాలని కోరుకుంటాను. ఆ సారు దగ్గరికి వచ్చేసరికి మాత్రం నాలుక తడబడుతుంది. ఆ తడబాటును నేను దేవుడికే వదిలేశాను.

ఇంటికి వచ్చి వదిన ఉన్నదున్నట్టు చెప్పింది. చిన్నాయన వినలేదు.

“గంత పెద్ద సారు అబద్ధం ఆడుతడా? నువ్వు తప్పు నేర్పి ఆయన మీద వెడుతున్నవా కోడలా?”

“నేను పక్కనే ఉన్న చిన్నాయనా! లెక్క కరెక్టే అన్నడు!”

“నువ్వు మీ వదిన దిక్కే మాట్లాడుతవ్ బిడ్డా.”

అమ్మ ఒక్కమాట అంది. “ఇగ సాలు. ఆ చింతగింజలు తీసి డబ్బల వెయ్యి.”

వదిన బండల మీద కూర్చొని ఒక్కొక్క గింజా ఏరింది. పసుపుకొమ్మును కొంగుతో తుడిచి దేవుడి అరలో పెట్టింది. నేను గోడ వైపు తిరిగి ఏడ్చాను. మరునాడు అమ్మ పడుకున్నాక ఆమె డబ్బా పట్టుకొని మళ్ళీ వచ్చింది. “ఏడిస్తె గుండెకు మంచిది గాదు. ఇయ్యాల మధ్యబిందువు చేద్దాం” అంది.

ఆ వారంలోనే ఇద్దరం నా పాత సర్కారు బడికి వెళ్ళాము. అక్కడి పెద్ద మేడం ఏమీ అడగకుండా కుర్చీ చూపించింది, మంచినీళ్ళు తెప్పించింది, బడిలో చేరకుండానే ప్రైవేటుగా పదో తరగతి పరీక్ష రాయడానికి దరఖాస్తు పంపించింది. ఆమె చల్లగా ఉండాలి. పబ్లిక్ పరీక్షలో త్రిభుజం వచ్చింది. నేను నా దారినే తిరిగాను, మైనస్ వచ్చింది, గీతలు పెట్టాను. ఎవరూ కొట్టేయలేదు. పాసయ్యాను. చిన్నాయన వాడకట్టంతా పేడా మిఠాయిలు పంచి, “నేను తిరిగిన తిరుగుడుకు పిల్ల గట్టెక్కింది” అన్నాడు. హాల్‌టికెట్టు తెచ్చిపెట్టింది ఆయనే కాబట్టి నేను కాదనలేదు. వదిన లోపల చాయ్ పోస్తోంది.

తర్వాత మా చేను అమ్మిన డబ్బుతో షాబాద్ బండలు తీసేసి నున్నటి టైల్స్ వేశారు. ఆ గదిలోనే ఇప్పుడు నేను పిల్లలకు లెక్కలు చెబుతాను. టైల్స్ మీద చింతగింజ జారిపోతుంది, అందుకని కింద పాత దుప్పటి పరుస్తాను.

పోయిన ఏడు వదిన కాలం చేసింది. దినాల నాడు అందరూ ఆమె పప్పుచారును తలుచుకున్నారు. అట్లాంటి పప్పుచారు ఇంకెవరి చేతా రాదన్నారు. నిజమే. నేను ఊరుకోలేక, “నాకు లెక్కలు నేర్పింది గూడ ఆమెనే” అన్నాను. ముసలివాడైన చిన్నాయన విస్తరి ముందు నుంచి తలెత్తి నవ్వాడు. “అవ్ అవ్, సున్న తెప్పిచ్చింది గద!” పంక్తిలో అందరూ నవ్వారు. గోడ మీద ఆమె ఫొటోకు దండ ఇంకా వాడలేదు.

అందుకే ఇది రాశాను. ఆ సారు పేరు నాకు అక్కర్లేదు, మీకూ వద్దు. మీ ఇంట్లో పిల్ల ఎప్పుడైనా త్రిభుజం లెక్క చేస్తూ, మధ్యలో మైనస్ చూసి భయపడి రబ్బరు తీసుకుంటే, ఆ చేతిని కాస్త ఆపండి. గీతలు పెట్టమనండి. ఆ పిల్ల నోట ఎనిమిదో, పన్నెండో, ఏ జవాబు వచ్చినా, అప్పుడు ఒక్కసారి మా వదినను తలుచుకోండి. ఆమె నాకు నేర్పింది తప్పు కాదు.