నీలిపచ్చ చార

మడికొండ ఆఫీసు సమావేశం గదిలో ఆ రోజు ఉన్నవి: కొత్త టీవీ ప్యానెళ్ళు రెండు, వాటిని నడిపే బోర్డులు రెండు, సమోసాల పళ్ళెం ఒకటి. ఉన్నవాళ్ళు: హైదరాబాద్ నుంచి వచ్చిన మా మేనేజరు, ప్రకటనలు చూసే అతను, నాతోపాటు పరీక్షలు చేసే సహోద్యోగిని, నేను. రెండు ప్యానెళ్ళ మీదా ఖాళీ బూడిద రంగు పెట్టాం. ఒకటి శుభ్రంగా ఉంది. రెండోదాని అడుగున ఈ చివరినుంచి ఆ చివరిదాకా నీలిపచ్చ చార ఉంది.

కంపెనీ వ్యూహం నచ్చే నేను ఈ ఉద్యోగంలో చేరాను. బయటినుంచి ప్యానెళ్ళు తెచ్చి, చుట్టూ ఫ్రేము బిగించి, మన పేరు అంటించడం ఆపాలి. ప్రతి చుక్కా తనంతట తాను వెలిగే ప్యానెల్‌ను మనమే తయారుచేయాలి. ముందు సర్క్యూట్ మనది, తర్వాత గాజు కూడా మనది. ఇందులో వంక పెట్టడానికేమీ లేదు. కాకపోతే అలాంటి చుక్కలు కదలని బొమ్మను గంటలకొద్దీ చూపిస్తే అరిగిపోతాయి.

పరీక్షకు పైవాళ్ళు పంపిన క్లిప్పుల్లో చిలకలు, పడవలు, మంచుకొండలు ఉన్నాయి. ఏదీ నిలకడగా ఉండదు. నేను పన్నెండోది చేర్చాను: తెలుగు వార్తా చానల్. మూలన లోగో, అడుగున ఎర్ర పట్టీ. కొత్తవాడలో మా మేనమామ జంపఖానాలు నేస్తూ పొద్దంతా పెట్టుకునేది అదే. "అల్లుడా, మీ టీవీ వచ్చినంక చెప్పు, అదే కొంట" అంటూ రంగులు వెలిసిన పాత టీవీతో నెట్టుకొస్తున్నాడు. నా క్లిప్పు నడిపిన ప్యానెల్లో పట్టీ ఉన్నంత మేరా ఎర్ర చుక్కలు అరిగి, నీలం, పచ్చ మాత్రమే వెలిగే ఆ చార మిగిలింది.

మందు కూడా నా దగ్గరే ఉంది. కదలని భాగాన్ని కనిపెట్టి కాస్త మసకబార్చే ప్రోగ్రాం రాశాను. అది పెడితే వెలుతురు తగ్గుతుందని ప్రకటనలతను ఒప్పుకోలేదు.

"తమ్ముడూ, మన స్ట్రాటజీ సింపుల్," అన్నాడు మేనేజరు. "ముందు మెరుపు, తర్వాత మన్నిక. షోరూంల పక్క టీవీ మన ముందట గుడ్డిదీపం లెక్క కనబడాలె. అయినా గంటలు గంటలు వార్తలెవరు చూస్తరు?"

"మా దాదీ చూస్తది సార్," అంది సహోద్యోగిని. "పొద్దుగాల పెడితే పండుకునేదాంక అదే చానల్. రిమోట్ దిండు కింద దాచుకుంటది."

"జర చిలకల్ని కూడ చూడుమని చెప్పు మీ దాదీకి."

ప్రకటనలతను పగలబడి నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది.

"చిలకల్ని చూడనీకి టీవీ ఎవడు కొంటడు సార్?"

నవ్వు ఆగింది. మేనేజరు సమోసా తుంచుతూ, నా వార్తల క్లిప్పును పరీక్షలోంచి తీసేయమన్నాడు. వారంటీలో ఒక వాక్యం కలుపుతారట: కదలని చిత్రాల వల్ల పడే మచ్చలు దుర్వినియోగం కిందికి వస్తాయి.

దుర్వినియోగం! టీవీని సుత్తితో కొడితే దుర్వినియోగం. ఇంట్లో కూర్చుని వార్తలు చూడటం ఎప్పటినుంచి నేరమైంది? ఆ గదిలో అందరం పొద్దస్తమానం ఆ పట్టీ వెలిగే ఇళ్ళలోంచి వచ్చినవాళ్ళమే. ప్యానెల్ తప్పని ఒప్పుకోవడంకంటే మన ఇళ్ళు తప్పనడం సులువనిపించింది వాళ్ళకు. నేను తీయనన్నాను. మేనేజరు తన లాగిన్‌తో తానే తీసేశాడు.

టీవీ మార్కెట్లోకి వచ్చిన వారం మామ ఫోన్ చేశాడు.

"షోరూంల చూసిన్రా అల్లుడా. ఏం మెరుస్తాంది! తీస్కోమంటవా?"

"వద్దు మామా. వార్తలు పెడితే తెర మీద మచ్చ పడ్తది. వారంటీ కూడ ఇయ్యరు."

"మరి టీవీల ఏం చూడాల్నట? గోడనా?"

 చివరికి మామ పాత టీవీనే బాగుచేయించుకున్నాడు.

విడుదల నివేదికలో పరీక్షకు పెట్టిన క్లిప్పులు పదకొండు. పాసైనవి పదకొండు.