కార్ఖానాలో లాటిన్ పాట

మా చర్చి క్వయర్‌కు పాట నేర్పిన టీచరమ్మ పోయిన సోమవారం కార్ఖానా బస్తీలోని తన ఇంట్లో కన్నుమూశారు. ఊపిరితిత్తులు పాడై చాలాకాలంగా ఆక్సిజన్ మీదే ఉన్నారు. ఫోన్ చేసిన ఆమె చెల్లెలు, "అక్క తక్లీఫ్ తీరింది" అని మాత్రం అన్నారు.

ఐదు వందల ఏళ్ల కిందట ఇంగ్లండు చర్చిల్లో లాటిన్‌లో పాడిన పాటలంటే టీచరమ్మకు ప్రాణం. నాలుగు గొంతులు నాలుగు దారుల్లో నడిచి ఒకచోట కలిసే పాటలు. నేర్పుతూ ఆ కాలం సంగతులు చెప్పేవారు. అక్కడి రాజు మతపెద్ద పోప్‌తో తెగతెంపులు చేసుకుని మఠాలు మూయించాడు. అక్కడ పాడేవాళ్లు వీధినపడ్డారు. అతని కొడుకు రాజ్యంలో లాటిన్ పోయి, మాట తేటగా వినబడే సాదా ఇంగ్లిషు పాట వచ్చింది. ఆ రాజు పెద్ద కూతురు రాణి కాగానే మళ్లీ లాటిన్. చిన్న కూతురు రాగానే మళ్లీ ఇంగ్లిషు. పాత విశ్వాసం వదలనివాళ్లు తలుపులు మూసుకుని ఇళ్లలో పాడుకున్నారట.

"పాట కట్టెటోళ్లు మస్తు పరేషాన్ అయిన్రు. కట్టుడు మాత్రం ఆపలే," అనేవారు.

కాగితాలు ఎగరకుండా మండు వేసవిలో కూడా ఫ్యాన్ ఆపించేవారు. ఎవరైనా గొంతు పెంచితే ఆమె చెయ్యి చెవి మీదకు వెళ్లేది. "పక్కోళ్లు వినబడ్తలేరంటే నువ్వు ఎక్కువ పాడుతున్నట్టు."

కొన్నేళ్ల కిందట చర్చి కమిటీ మా క్వయర్ ఆపేసి, డ్రమ్స్, కీబోర్డుతో కొత్త బృందాన్ని పెట్టింది. మాకు కోపమొచ్చింది. టీచరమ్మ మాత్రం, "సమజయ్యే పాట అడుగుతున్నరు, తప్పేం లేదు. నాకొక్క మాట చెప్పాల్సుండె," అన్నారు. ఆ వారం నుంచే ఇంట్లో సాధన షురూ చేశారు. ట్రాఫిక్ అని, పిల్లల పరీక్షలని ఒక్కొక్కరే మానేశారు. ముగ్గురం మిగిలాం: మారేడ్‌పల్లి నుంచి మేమిద్దరం ఆడవాళ్లం, కింది గొంతు పాడే రిటైర్డ్ రైల్వే పెద్దాయన.

చివరిసారి వెళ్లినప్పుడు పాడమని సైగ చేశారు. తానూ గొంతు కలపబోయి దగ్గుతో మెలికలు తిరిగారు. చెల్లెలు మమ్మల్ని ఆపమన్నారు. టీచరమ్మ కళ్ల నీళ్లతో, ఆపొద్దన్నట్టు తల అడ్డంగా ఊపారు.

అంత్యక్రియల ప్రార్థనకు చర్చిలో కొత్త బృందమే పాడింది. సమాధి దగ్గర ఒక్క పాటకు పాస్టరు ఒప్పుకున్నారు. మగవాళ్లలో పై గొంతు, టెనర్ పాడేవాళ్లు దొరక్క, ఇన్నాళ్లూ ఆ వరస టీచరమ్మే పాడేవారు. మిగతా మూడు వరసలూ మేం అందుకున్నాం. నడుమ ఒకచోట అన్ని గొంతులూ ఆగి, టెనర్ ఒక్కటే సాగాలి. అక్కడ ముగ్గురం ఆగాం.

పాట అయిపోయిందనుకుని, పక్కన నిలబడ్డ మనుషులు పారలు తీసుకుని మట్టి వెయ్యడం మొదలుపెట్టారు.