చిన్నమ్మ పటంలో వదిలేసిన నుదురు

అయ్యా, మీ ఇంటి గోడమీద బొట్టులేని ఆడమనిషి పటం ఒక్కటైనా ఉందా? లేకపోతే అలాంటి ఆడమనిషి మీ వంశంలో పుట్టనే లేదా? నేనీ ప్రశ్న ఊరికే అడగడం లేదు. పోయిన వారం వేంపల్లె దగ్గరి మా అవ్వగారింటికి పోయి, పూజగూట్లో మా చిన్నమ్మ పటం చూసి వచ్చాను. నుదుటిమీద కుంకుమ దళసరిగా పేరుకొని, కిందికి కారి, ఒక కన్నును సగం మూసేసింది. ఆ పటం రాసిన మా మామ అక్కడ కుంకుమకు చోటివ్వలేదు.

మామ మా అమ్మకూ చిన్నమ్మకూ అన్న. నేతగాళ్ల ఇంట పుట్టి మగ్గంలో కూర్చోనివాడు. నాటకాలవాళ్లకు తెరలు రాసి బతికేవాడు. ఆయన రాసిన నందనవనంలో కూడా తుమ్మచెట్లే ఉండేవి. ఆయన చూసిన చెట్లు అవే మరి. చిన్నమ్మకు ఊహ తెలియకముందే పెళ్లయింది, తెలిసేలోగా మొగుడు పోయాడు. ఇంట్లో నూలంతా రాట్నం మీద చుట్టేది ఆమే. అయితే మగ్గానికెక్కించే నిలువుపోగులను, అదే పడుగును, వీధిలో సాగదీసి గంజి పట్టించే రోజున మాత్రం ఆమె లోపలిగది దాటి రాకూడదు. ఆమె చూపు పడితే పోగులు తెగుతాయట. నూలు పొద్దస్తమానం ఆమె వేళ్లమీదుగా పోవచ్చునట, కంటికి మాత్రం కనబడకూడదట! ఈ తర్కం కనిపెట్టిన పండితుడెవరో గాని, అతనికి నూలూ తెలియదు, మనిషీ తెలియదు.

ఒక వేసవిలో మామ ఆమె పటం రాస్తానన్నాడు. ముండమోపి మొగం గోడకెందుకురా అని అవ్వ తిట్టింది. ఆయన వినలేదు. ఇంట్లో నేసిన గుడ్డకే పడుగు గంజి పట్టించి, బేతంచెర్ల రాతిపొడి పూసి, నున్నగా రుద్దాడు. ఎరుపుకు జాజు, నలుపుకు దీపం మసి. మొదట తల వంచుకొని ఏడుస్తున్నట్టు గీశాడు. చూసినవాళ్లు అయ్యో అని పక్కకు పోతారని తుడిచేశాడు. తర్వాత దేవతలాగా వచ్చింది. దేవతనెవరూ లోపలికి పొమ్మనరు, ఇది అబద్ధమని అదీ తుడిచేశాడు. చిన్నమ్మ రాట్నం తిప్పుతూనే నవ్వింది.

"నేను చూస్తే పడుగు తెగుతాదంట. నీ కుంచె తెగదా న్నా?"

"తెగితే ఇంకోటి కట్టుకుంటా, ఉడతతోకలకు కరువా మే? కదలకుండా కూర్చో."

చివరికి ఆయనకు దారి దొరికింది. చీకటి గడపలో ఆమె. ఆమె వేళ్లనుంచి పోగులు బయలుదేరి, వీధి వెలుతురులోకి పోయి, అక్కడ పెళ్లికూతుళ్ల ఎర్రచీరలవుతాయి. చీరలు కట్టినవాళ్లలో ఒక్కరూ వెనక్కి తిరిగి చూడరు. అంతా అయ్యాక నుదుటి దగ్గర పూత గీకేసి, వట్టి గుడ్డ కనబడేట్టు వదిలేశాడు. ఆ గుడ్డలో పోగులు ఆమె చుట్టినవే. చిన్నమ్మ దగ్గరికొచ్చి వేలితో తడిమింది.

"ఈడ మరిచిపోయినావు న్నా."

"మరిచిపోలేదు మే. గీకింది ఊరు. నేను చూపిస్తాండా, అంతే."

ఆమె ఆ వట్టి పోగులను ఇంకోసారి తడిమింది. మళ్లీ రాట్నం దగ్గరికి పోయింది.

ఆ ఏడే ప్లేగులో చిన్నమ్మ పోయింది. పదిరోజులు తిరగకముందే, వద్దన్న అవ్వే పటాన్ని పూజగూట్లో పెట్టి, ఖాళీగా ఉన్న నుదుటిమీద బొట్టు పెట్టింది. మామ తడిగుడ్డ తెచ్చి తుడవబోయాడు. అవ్వ ఆయన చెయ్యి పట్టుకుంది.

"బతికినన్నాళ్లూ పెట్టలేకపోతిని. ఇప్పుడన్నా పెట్టనీరా నాయనా."

మొగుడు పోయిననాడు ఊరు కన్నతల్లి చేత్తోనే తుడిపించిన బొట్టును ఆయన ఇంకోసారి ఎట్లా తుడుస్తాడు? గుడ్డ కింద పెట్టి బయటికి పోయాడు. తర్వాత తెరలు రాశాడు గాని, ఎవరి ముఖమూ రాయలేదు.

పోయిన వారం నేనున్నప్పుడే ఆ ఇంట్లో కొత్త పడుగు సాగింది. పోగులు తెగకుండా కాపాడమ్మా అని చిన్నమ్మ పటం ముందు టెంకాయ కొట్టారు. ఆ సమయంలో లోపలిగదిలోంచి రాట్నం చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఎవరని అడిగాను. మొన్న మొగుడు పోయిన మా మామ మనవరాలట. పడుగు లోపలికొచ్చేదాకా బయటికి రాదట.

అవ్వ పోయింది, మామ పోయాడు, తెల్లదొరలు కూడా మూటలు సర్దుకుంటున్నారంటున్నారు. ఆ గది తలుపు మాత్రం మూసే ఉంది. కాలం దానంతటది ఏ తలుపూ తీయదు. లేవండి. రేపు మీ వీధిలో పడుగు సాగేటప్పుడు, లోపలున్న ఆమెను పేరు పెట్టి పిలిచి, పోగు కొస ఆమె చేతికివ్వండి.