బొగ్గు రాదని చెప్పని పదకొండు రోజులు

1976 వేసవి. లింగంపల్లి స్టేషన్‌కీ తెల్లాపూర్‌కీ మధ్య, రైలు పట్టాల పక్కన ఉన్న ఒక చిన్న కోక్ ఫ్యాక్టరీలో నేను కెమిస్టుగా పనిచేస్తున్నాను. ఇప్పుడు అక్కడికి వెళ్ళి వెతికితే ఆ ఫ్యాక్టరీ ఆనవాలు కూడా దొరకదు. దాన్ని గుర్తుపట్టగలిగిన మనుషులం కూడా ఇద్దరమో ముగ్గురమో మిగిలి ఉంటాం.

కోక్ అంటే ఏమిటో ఈ తరంలో చాలామందికి తెలియదు. బొగ్గును గాలి సరిగా ఆడకుండా మూసిపెట్టి రెండు మూడు రోజులు కాలిస్తే, అందులోని తారు, గ్యాసు బయటికి పోయి గట్టి బూడిదరంగు గడ్డలు మిగులుతాయి. అదే కోక్. ఫౌండ్రీలలో ఇనుము కరిగించడానికి అదే కావాలి. మా దగ్గర పన్నెండు బీహైవ్ ఓవెన్లు ఉండేవి. తేనెపట్టు ఆకారంలో, ఇటుకతో కట్టిన గుమ్మటాలవి. పనివాళ్ళు వాటిని బట్టీలు అనేవాళ్ళు. పైనున్న రంధ్రంలోంచి బొగ్గు పోసి, ముందున్న తలుపును ఇటుకా మట్టీ పెట్టి మూసేసేవాళ్ళు. లోపలి ఇటుకలకు పాత వేడి ఉండాలి. ఆ వేడికే కొత్త బొగ్గు అంటుకుంటుంది.

అన్ని బొగ్గులూ కోక్ కావు. మన గోదావరి తీరపు గనుల బొగ్గు మండుతుంది గానీ ముద్దకట్టదు. ముద్దకట్టే బొగ్గు ఝరియా వైపు నుంచి వ్యాగన్లలో రావాలి. వచ్చిన వ్యాగన్ ఎక్కి శాంపిల్ తీయడం, పొడిచేసి మూతపెట్టిన మూసలో కాల్చి చూడడం, బూడిద ఎంతో తేల్చడం నా పని. మాది తెనాలి దగ్గర పల్లె. ఇక్కడికి వచ్చేనాటికి నాకు ఇరవై నాలుగేళ్ళు.

నేను చేరింది 1969లో. ప్రత్యేక తెలంగాణ కోసం ఊళ్ళలో గొడవలు జరుగుతున్న కాలం. నా మాట వినగానే నేను ఏ ప్రాంతం వాణ్ణో తెలిసిపోయేది. ఆ రోజుల్లో నర్సింలు అనే బట్టీ మేస్త్రీ, పని దిగాక నాతోపాటు లింగంపల్లి దాకా నడిచొచ్చేవాడు. నానక్‌రామ్‌గూడ మనిషి. అతని దారి అటు కాదు. "నాకు గటే పోవాలె సారూ" అనేవాడు. సారూ అంటూనే నువ్వు అనడం మొదట్లో నాకు వింతగా తోచేది. తర్వాత అందులోని చనువు అర్థమైంది.

మూసిన తలుపు సందుల్లోంచి కనిపించే మంట రంగు చూసి, లోపల ఎంత కోక్ అయిందో నర్సింలు చెప్పేవాడు. నేను ల్యాబ్‌లో లెక్కకట్టి చెప్పేదానికి అతని మాటకు పెద్దగా తేడా ఉండేది కాదు. అతని భార్య యాదమ్మ క్వెంచింగ్ దగ్గర పనిచేసేది. అంటే ఎర్రగా కాలుతున్న కోక్ మీద నీళ్ళు కొట్టి చల్లార్చే చోట. ఇద్దరికీ పిల్లలు లేరు. ఫ్యాక్టరీ కట్టిన నేలలో సగం నర్సింలు తండ్రి చెల్క. "మా నాయన జొన్నేసిన జాగల నేను మంటేస్తున్న" అని ఒకసారి నాతో అన్నాడు. బాధగా అన్నట్టు అనిపించలేదు. కానీ ఈ పని పోతే తిరిగి వెళ్ళడానికి అతనికి పొలం లేదు.

డెబ్భైలు సగానికి వచ్చేసరికి మా పని సన్నగిల్లింది. మంచి బొగ్గంతా పెద్ద ఉక్కు కర్మాగారాలకే పోతోంది. మా వంతుకు బూడిద ఎక్కువున్న బొగ్గు వచ్చేది, అదీ ఆలస్యంగా. మా కోక్ కొనే ఫౌండ్రీలు ఒక్కొక్కటే కరెంటు కొలిముల వైపు మళ్ళాయి. పట్టాల మీద డీజిల్ ఇంజన్లు ఎక్కువయ్యాయి. పొగబండి కనిపిస్తే పనివాళ్ళు తలెత్తి చూసేవాళ్ళు, మనవాళ్ళు ఇంకా ఉన్నారన్నట్టు.

1976 మే నెలలో వ్యాగన్లు పూర్తిగా ఆగిపోయాయి.

బొగ్గు లేకపోతే ఓవెన్లు చల్లారతాయి. చల్లారితే గుమ్మటం ఇటుకలు పగులుతాయి. పగిలిన ఓవెన్‌ను మళ్ళీ కట్టుకోవలసిందే. అందుకని నర్సింలు పన్నెండింటిలో ఎనిమిదిని వదిలేసి, మధ్యనున్న నాలుగింటిని కట్టెలతో వెచ్చగా ఉంచుదామన్నాడు. అంతకుముందు సంవత్సరం కూడా ఇలాగే కొన్నాళ్ళు బొగ్గు రాలేదు, తర్వాత వచ్చింది. "నాలుగు బట్టీలు బతికుంటే మనం బతుకుతం" అన్నాడు. ఎవరూ కాదనలేదు. మొదట యార్డులో మిగిలిన కోక్ పొడి వేశారు. అది అయిపోయాక తుమ్మ మొద్దులు, రైలు పట్టాల కింద వేసే పాత స్లీపర్లు, విరిగిన బండి చక్రాలు. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఎడ్లబండ్ల మీద తెచ్చేవాళ్ళు.

ఒక సోమవారం పొద్దున మేనేజర్ కృష్ణమూర్తి గారు నన్ను గదిలోకి పిలిచి తలుపు వేశారు. ఒక ఉత్తరం చూపించారు. మాకు బొగ్గు కేటాయింపు రద్దయింది. ఇక ఎప్పటికీ రాదు.

"ఓనరు గారు ఇనుప సామానుకీ ఇటుకకీ బేరం కుదిర్చేశారు. రెండు వారాల్లో లారీలొస్తాయి" అన్నారాయన.

"పనివాళ్ళకి చెప్పారా అండీ?"

"చెబితే గేటుకడ్డంగా కూర్చుంటారు. లారీలు కదలవు. నువ్వూ చెప్పకు. సనత్‌నగర్‌లో మన వాళ్ళదే ఇంకో ఫ్యాక్టరీ ఉంది, అక్కడ ల్యాబ్‌లో నీ పేరు రాయించాను."

"కట్టెలు వేస్తూనే ఉన్నారండీ వాళ్ళు."

"వెయ్యనీ. మనల్నేమైనా అడిగారా?"

నేను సరేనన్నాను. అప్పటికి ఆరు నెలలే అయింది నా భార్యను తీసుకొచ్చి లింగంపల్లిలో గది కిరాయికి తీసుకుని. అది ఒక కారణం. నిజం చెప్పాలంటే అంతకంటే పెద్ద కారణం ఇంకోటి ఉంది. గదిలోంచి బయటికి వచ్చేసరికి ఎదురుగా అందరూ ఎండలో చెమటలు కక్కుతూ తుమ్మ మొద్దులు దింపుతున్నారు. వాళ్ళ ముందు నిలబడి ఆ మాట చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. రేపు చెబుదామనుకున్నాను.

బుధవారం ఓవెన్ల దగ్గరికి వెళ్ళాను. నర్సింలు కొత్త కట్టెలు పేరుస్తున్నాడు. అవి కట్టెలు కావు. పొగకు నల్లబడ్డ పొడవాటి టేకు వాసాలు. ఒకదానికి ఉట్టి వేలాడదీసే కొక్కెం ఇంకా ఉంది.

"ఇవెక్కడివి నర్సింలూ?" అన్నాను.

"ఇంటియి సారూ. టేకువి, మంచిగ మండుతయి. పెంకులు దించి వాకిట్ల పేర్చిన. వానలు పడేలోపు బొగ్గొస్తది, కొత్త వాసాలు ఏసుకుంట."

"ఇల్లు విప్పుకునేంత అవసరమా?"

అతను పని ఆపి నా వైపు చూశాడు. "తుమ్మ అయిపోయింది. గీ రెండు దినాలు మంట తగ్గితే బట్టీ ఖతమే. బొగ్గొస్తదా రాదా, అది నువ్వు చెప్పు సారూ. కాయితాలు చూసేటోనివి నువ్వు. వస్తదంటే అవుసరమే."

పక్కనే యాదమ్మ గంప దించి నిలబడింది. ఆమె కూడా నా మొహం వైపే చూస్తోంది.

"వస్తుంది" అన్నాను.

ఆ ఒక్క మాటకి నాకు ఎంత సమయం పట్టిందో ఇప్పటికీ గుర్తుంది. ఏమంత సమయం పట్టలేదు.  నర్సింలు తలూపి వాసాన్ని గొడ్డలితో నరకడం మొదలుపెట్టాడు. నేను ల్యాబ్‌కి వెళ్ళి, పరీక్ష చేయడానికి ఏమీ లేకపోయినా తలుపు వేసుకుని కూర్చున్నాను.

తర్వాతి రోజుల్లో అతన్ని తప్పించుకుని తిరిగాను. ఇంకో ఇద్దరు కూడా తమ ఇళ్ళ నుంచి మంచాల పట్టెలు, దొడ్డి తలుపులు తెచ్చారని తెలిసింది. ఒకసారి మేనేజర్ గదికి వెళ్ళి, "ఇక చెప్పేద్దామండీ" అన్నాను. ఆయన తలెత్తకుండా, "లారీలు వచ్చిపోనీ" అన్నారు. ఆ జవాబుతో నాకు లోపల ఎక్కడో ఊరట కలిగింది. నా తప్పు ఆయన మీదికి జరిపినట్టయింది.

వర్షం ముందే వచ్చింది. ఉత్తరం చూసిన ఆ సోమవారానికి పదకొండో రోజు మధ్యాహ్నం మొదలై రెండు గంటలు ఆగకుండా కురిసింది. పైకప్పు లేని మట్టిగోడ ఎంతసేపు నిలుస్తుంది? యాదమ్మ ఇంట్లో మూలనున్న జొన్నల గంప మీద గోనె కప్పడానికి లోపలికి వెళ్ళింది. గోడ ఆమె నడుం మీద పడింది. ఆ సమయంలో నర్సింలు ఓవెన్ తలుపుల దగ్గర రేకులు అడ్డంపెట్టి వాన నీళ్ళు లోపలికి పోకుండా చూస్తున్నాడు.

మర్నాడు నేను దవాఖానకి వెళ్ళాను. యాదమ్మ కళ్ళు మూసుకుని పడుకుని ఉంది. నడుం కింద స్పర్శ లేదని డాక్టరు చెప్పారట. నర్సింలు మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. నన్ను చూసి లేవబోయాడు. వద్దని నేనే అతని పక్కన కూర్చున్నాను.

"నర్సింలూ, బొగ్గు రాదు. కేటాయింపు రద్దయింది" అన్నాను.

"నిన్న తెలిసిందా?"

"కాదు. నాకు ముందే తెలుసు."

 అతను మామూలు గొంతుతో, ఓవెన్ గురించి ఏదో వివరం అడిగినట్టు అడిగాడు. "ఏనాడు తెలిసింది నీకు?"

"సోమవారం. బండ్ల మీంచి తుమ్మ మొద్దులు దింపిన రోజు."

అతను వేళ్ళు ముడుస్తూ రోజులు లెక్కపెట్టుకున్నాడు. రెండోసారి కూడా లెక్కపెట్టాడు, పొరపాటేమైనా పడ్డాడేమోనన్నట్టు.

"గా దినం వాసాలు ఇంటి మీదనే ఉండె" అన్నాడు.

అంతే. తిట్టలేదు. కొట్టి ఉంటే బాగుండేదని నేను ఎన్నోసార్లు అనుకున్నాను. గుడ్డ తడిపి యాదమ్మ పెదాలకి అద్దుతూ, "ఇగ పో సారూ, బస్సు దొరకదు" అన్నాడు.

తిరిగి ఫ్యాక్టరీకి వెళ్ళి మిగతావాళ్ళకి చెప్పాను. ముప్ఫై మంది దాకా ఉంటారు. సాయిలు అనే అతను, నర్సింలు కింద పనిచేసినవాడు, చేతిలో ఉన్న కట్టెను ఓవెన్‌లో వేయకుండా కింద పెట్టాడు. ఇక ఎవరూ వేయలేదు. అందరూ గేటు దగ్గర కూర్చున్నారు. మళ్ళీ వాన మొదలైంది. వేడిగా ఉన్న గుమ్మటాల మీద చినుకులు పడి ఆవిరి లేచింది. కాసేపటికి ఇటుక పగిలే శబ్దం వినిపించింది. టప్పుమని ఒకటి, కాస్త ఆగి ఇంకొకటి. "అది ఆరో నంబరు" అన్నాడు సాయిలు. కాసేపాగి, "ఏడు" అన్నాడు. నాలుగూ పోయేదాకా అలాగే విన్నారు. మూడు రోజులు కూర్చున్నారు గానీ, ఓవెన్లు పోయాక దేనికోసం కూర్చున్నామో వాళ్ళకే తెలియకుండా పోయింది. నాలుగో రోజు లారీలు వచ్చినప్పుడు అడ్డుకోవడానికి పదిమంది కూడా లేరు.

నేను సనత్‌నగర్ ల్యాబ్‌లో చేరాను. ఈ విషయం దాచలేను. ఆ ఉద్యోగం వదులుకున్నానని రాయగలిగితే ఈ కథ నాకు కాస్త తేలికయ్యేది.

నర్సింలు నానక్‌రామ్‌గూడ దగ్గర రాళ్ళ క్వారీలో పనికి కుదిరాడు. కోక్ పొగ పీల్చిన ఛాతీకి రాతి దుమ్ము తోడైంది. మూడేళ్ళు కూడా బతకలేదు. అతను పోయిన సంగతి నాకు నాలుగు నెలల తర్వాత సాయిలు చెబితే తెలిసింది. యాదమ్మ తెల్లాపూర్‌లో అన్న ఇంటి పంచన ఉందని తెలిసి వెళ్ళాను. నేల మీద చేతులతో జరుగుతూ వచ్చి గడప దగ్గర కూర్చుంది. నేను ఎవరో చెప్పుకోవలసి వస్తుందనుకున్నాను. గుర్తుపట్టింది.

"నర్సింలు నన్ను తిట్టుకునేవాడా అమ్మా?" అని అడిగాను. అడగకూడని ప్రశ్న. నా కోసం అడుగుతున్న ప్రశ్న.

"లేదు సారూ" అంది. "బట్టీ ముచ్చట చెప్పెటోడు, దినాం చెప్పెటోడు. ఏ మంట ఎట్లుండె, ఎవరేం పని చేసిన్రు, అన్ని చెప్పెటోడు. నీ పేరు మాత్రం ఎన్నడు తియ్యలే."

తర్వాత నేను నాలుగు ఫ్యాక్టరీలలో పనిచేశాను. ల్యాబ్‌లో తేలిన ఫలితం ఏదైనా, ఆఫీసు నుంచి వచ్చిన కబురు ఏదైనా, కొలిమి ముందు నిలబడే మనిషికి ఆ రోజే చెప్పాను. అందువల్ల రెండుచోట్ల ఉద్యోగం పోయింది. ఒకచోట నేను ముందుగా చెప్పినందుకు పనివాళ్ళే నా మీద విరుచుకుపడ్డారు, తమ నోటికాడి కూడు నేనే లాగేశానన్నట్టు. అయినా చెప్పాను. చెబితే వాళ్ళకి మేలు జరుగుతుందన్న నమ్మకంతో కాదు. చాలాసార్లు ఏ మేలూ జరగలేదు. ఫ్యాక్టరీలు మూతపడుతూనే ఉన్నాయి, మనుషులు చెదిరిపోతూనే ఉన్నారు. కానీ బతుకు మునుగుతోందని ముందే తెలిస్తే, ఉన్నదాంట్లో ఏది వదులుకోవాలో, ఏది పట్టుకోవాలో వాళ్ళు తేల్చుకుంటారు. ఆ తేల్చుకునే హక్కు వాళ్ళది. నేను నర్సింలు దగ్గర లాక్కున్నది అదే. ఈ పాఠం నేర్చుకున్నది నేను, వెల చెల్లించింది వాళ్ళిద్దరూ.