తల్లిని చంపి కవి అయినవాడు

వెండెల్ ప్రూయిట్ మా ఆర్కన్సా రాష్ట్రపు కోళ్ల ఫ్యాక్టరీ ఊరివాడే. ఊళ్లో ఉన్నన్నాళ్లూ కోడి ఈక ముట్టిన పాపాన పోలేదు. వాడి పుస్తకాల నిండా మాత్రం ఈకలూ, నెత్తురూ, కార్మికుల చెమటే. చెమట వాళ్లమ్మ ఓపల్‌ది, పేరు వాడిది.

నా పక్కన నిలబడి కోళ్లు కోసీ కోసీ ఓపల్ వేళ్లు కొక్కేల్లా వంగిపోయాయి. చొక్కా గుండీ కూడా సొంతంగా పెట్టుకోలేదు. వెండెల్ మొదటి రెండు పుస్తకాలూ ఎవడూ కొనలేదు. మూడోదాంట్లో తల్లిని చంపేశాడు. ఒక పద్యంలో, పియానో మెట్ల మీద తిన్నగా ఆడిన అమ్మ వేళ్లు ఫ్యాక్టరీలో వంగిపోయి శవపేటికలోకి చేరాయని ఏడ్చాడు. బహుమతి వచ్చింది, యూనివర్సిటీలో కొలువూ వచ్చింది. ఆ కొలువుకు జీతం విరాళంగా ఇచ్చేది కోళ్ల కంపెనీయే!

పద్యం చదివిన పక్కూరి చర్చి ఆడవాళ్లు పరామర్శకని బంగాళాదుంపల క్యాసరోల్ వండి తెస్తే, ఓపలే తలుపు తీసింది.

"చావడం మంచిదే. ఈ పూటకి వంట తప్పింది" అంటూ గిన్నె అందుకుంది.

ఇంతలో ఆమె వేళ్లకు పరిహారం కోసం యూనియన్ కేసు వేసింది. పనిలో చేరకముందే అవి వంకరని కంపెనీ వాదన. అంతకుముందు ఆ వేళ్లు చూసి, కాదని చెప్పగలిగినవాడు కొడుకొక్కడే. వాడు పక్కూరి లైబ్రరీలో కవితలు చదివి వినిపించడానికొస్తే నేనూ ఓపలూ వెళ్లి పట్టుకున్నాం.

"నువ్వు చూసిందే చెప్పరా, చాలు" అంది ఓపల్.

"మెల్లగా మాట్లాడమ్మా! నువ్వు బతికున్నావని తెలిస్తే నా గతేంటి?"

లైబ్రరీ ఆవిడ దగ్గరికొచ్చి, "ఈవిడెవరండీ?" అంది.

"మా పెద్దమ్మ" అన్నాడు, రెప్ప వేయకుండా.

ఓపల్ గుండె బాదుకుంది. "అయ్యో, మా చెల్లి పోయిందా! కబురైనా పెట్టలేదేంరా?"

విచారణకు వెండెల్ వచ్చాడు, కంపెనీ తరఫున. మా లాయరు ఆ పద్యంలోని తిన్నని వేళ్ల సంగతి అడిగాడు.

"అదంతా కల్పన. కవిత్వంలో నిజం వెతక్కూడదు" అన్నాడు ప్రమాణం చేసి మరీ.

ఓపల్ లేచి నిలబడింది. "నిజమేనయ్యా జడ్జిగారూ. అందులో నేను చచ్చిపోయాను కూడా."

హాలంతా నవ్వింది. జడ్జి కూడా నవ్వాడు, నవ్వుతూనే కేసు కొట్టేశాడు. వెండెల్ బహుమతిని మాత్రం ఎవరూ వెనక్కి అడగలేదు. ఓపల్ ఇప్పటికీ గుండీలు నాచేతే పెట్టించుకుంటోంది. వాడు బతికున్న తల్లి మీద నాలుగో పుస్తకం రాస్తున్నాడట.