చెరగని రంగుతో శింగనమల దాకా

కర్నూలు బస్టాండులో ఉదయం ఆరింటికి అనంతపురం ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. చేతిలో ఆరు రంగు డబ్బాల సంచి, అందులో ఒక సర్టిఫికెట్. చూడవలసినవి చూద్దామని బయల్దేరలేదు. నెలరోజులుగా ఫోను ఎత్తని ఒక మనిషిని వెతుక్కుంటూ పోతున్నాను.

మా ఊళ్ళో చిన్న రంగుల షెడ్డు నడిపే శేషగిరి గారూ నేనూ రెండేళ్ళు తంటాలు పడి ఎనిమిది అక్రిలిక్ రంగులు తయారుచేశాం. కలిపే లెక్క ఆయనది, కుంచె పట్టి వంకలు పెట్టడం నా పని. నీళ్ళలో కలుస్తాయి, ఆరాక నీళ్ళకు లొంగవు. మొదట చేసిన పసుపు అనంతపురం ఎండకు నెలకే వెలిసిపోతే, తొమ్మిదిసార్లు మళ్ళీ చేయించాను. తర్వాత అనంతపురంలో పన్నెండుమంది ఆడవాళ్ళకు కుండలు, పీటలు, గడపలు, వాకిటి బండల మీద అలంకారం వేయడం, ఇంకొకరికి నేర్పడం నేర్పాను. పదకొండుమంది తమ ఊళ్ళలో టీచర్లయ్యారు. అందరిలోకీ చెయ్యి తిరిగిన లక్ష్మీదేవి చివరి వారం రాలేదు. ఏడుగురు పిల్లలు నేర్చుకోవడానికి పేర్లిచ్చారని చెప్పిన మనిషి, ఎందుకు మానేసిందో చెప్పనేలేదు.

కండక్టర్ నా ఆధార్ కార్డు చూసి, ఆడవాళ్ళకిచ్చే ఉచిత ప్రయాణపు సున్నా టికెట్ ఇచ్చాడు. "ఫోటోలో నవ్వుతాండావు, ఈడ యుద్ధానికి పోతాండావేమక్కా?"

"ఫోటో తీసేవాడు ఎదురు మాట్లాడలేదు నాయనా" అన్నాను.

గుత్తి దాటాక రెండువైపులా ఎర్రనేల, ఆకులు ముడుచుకున్న వేరుశనగ చేలు. పక్క సీటు రైతును వాన పడలేదా అని అడిగాను. "ఎందుకు పడలేదమ్మా? రోడ్డుకు ఆపక్క పడినాది. మా చేను ఈపక్క ఉండాది" అన్నాడు. నవ్వలేదు. నేనూ నవ్వలేదు.

తొమ్మిదీ పావుకు అనంతపురం. బస్టాండు ఎదురుగా బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాను. ఈ దారిన పోయేవాళ్ళు ఇక్కడే తినండి, తర్వాత ఏమీ దొరకదు. పదింటికి శింగనమల పల్లెవెలుగు దొరికింది. అక్కణ్ణించి లక్ష్మీదేవి ఊరికి షేర్ ఆటో. ఊరి పేరు రాయవద్దని ఆమె అడిగింది, రాయను.

ఆటో అతను ఊరి మొదట్లో దింపి, "రంగుముగ్గు ఇల్లు యాడ అని అడుగు, సన్న పిల్లోళ్ళు గూడా సూపిస్తారు" అన్నాడు. మా రంగు ఊరికి గుర్తయిందని లోపల మురిసిపోయాను.

ఇంటి ముందు రంగుముగ్గు లేదు. మెట్టు కింది తాడిపత్రి బండ మీద ముగ్గుపిండితో వేసిన చిన్న పద్మం ఒకటి ఉంది. బండ నున్నని ముఖం నేలకు ఉంది, గరుకు వైపు పైకి ఉంది. గడప మీది నా పసుపును ఎవరో కొడవలితో చెక్కారు. కర్రలో గాట్లు కనిపిస్తున్నాయి.

"ఇంత మంచి పనిని ఎవరు పాడుచేసింది?" అని వాకిట్లోనే గొంతు పెంచాను.

అరుగు మీద కూర్చున్న ముసలామె నన్ను ఎగాదిగా చూసింది. "నేనే. నువ్వేనా చెరగని రంగు చేసినదానివి?"

ఆమె లక్ష్మీదేవి అత్త. బోసిగా ఉన్న ఆమె నుదురు అప్పుడు చూశాను.

లక్ష్మీదేవి చెంబుతో నీళ్ళు తెచ్చి నెమ్మదిగా చెప్పింది. చివరి వారం క్లాసుకు బయల్దేరే ముందురోజు మామ పోయాడు. చావు జరిగిన ఇంట్లో పెద్దదినం దాకా ముగ్గు వేయరు. వీళ్ళ వాకిట్లో మాత్రం ఎర్రంచు పద్మం, పచ్చని గడప, పెళ్ళిల్లులా మెరుస్తున్నాయి. కిరసనాయిలు పోసి రుద్దింది, పోలేదు. పైన పేడ అలికింది. ఆ గాలికి, ఎండకు మధ్యాహ్నానికల్లా పేడ పెళ్ళలు లేచి కింద ముగ్గు బయటపడింది. సరిగ్గా అప్పుడే కదిరి నుంచి ఆడబిడ్డ ఏడుస్తూ ఆటో దిగింది. వాకిలి చూసి ఏడుపు ఆపేసింది.

"'మా నాయన పోతే ముగ్గేసుకున్యావా వదినా?' అనిందక్కా. అందరూ ఇన్నారు."

పాడె కట్టడానికి వచ్చిన నలుగురినీ అత్తే పిలిచి, ముందు బండ లేపి తిరగేయించింది. తర్వాతే శవాన్ని బయటికి తెచ్చారు.

నాకు క్లాసులో ఒకరోజు గుర్తొచ్చింది. ఎప్పటికీ చెరగదు, రోజూ నడుం వంచే చాకిరీ తప్పుతుందని నేను ఉపన్యాసం దంచుతుంటే లక్ష్మీదేవి చెయ్యెత్తింది. "చెరపాలంటే ఎట్లక్కా?" "ఎందుకు చెరపాలి?" అని కసిరాను. అందరూ నవ్వారు. ఆమె కూర్చుంది.

ఆమె పేరు రాయించిన టీచరు సర్టిఫికెట్ తీసి ఇవ్వబోయాను. పట్టుకోలేదు. "నన్ను ఊర్లో ఏమంటారో తెల్సునా? పీనుగ ఇంట్లో ముగ్గేసుకున్నామె. ఆ ఏడు మంది పిల్లోళ్ళు పేర్లు కొట్టేపించుకున్యారు. ఎవురికి టీచర్నక్కా నేను?"

అప్పటికీ నా నోరు ఊరుకోలేదు. ముగ్గు ఆడవాళ్ళ నెత్తిన రుద్దిన పని కాదా అని వాదించాను. ఇప్పటికీ అదే అంటాను.

"వంగేది నేను గదక్కా. ఉంచేదా తీసేదా అనేది గూడా నాకే ఉండల్ల" అంది.

ముసలామె విసుక్కుంది. "మాటలు సాలు. ఆకలైతాంది. కోడలా, సంగటి పెట్టు. తిన్నాక ఆ పలక సూపీ."

సంగటి, నంజుకోవడానికి శెనక్కాయల ఊరిబిండి తిన్నాం. తర్వాత లక్ష్మీదేవి గాదె వెనక నుంచి ఒక పలచని నాపరాయి పలక తెచ్చింది. మూరెడు వెడల్పు, మీద నా పసుపే, నా ఎరుపే, నాకు చేతకాని సన్నని గీతలు. వాకిట్లో పెట్టింది. ఒంటిచేత్తో లేపి తిరగేసింది. మళ్ళీ తిప్పింది.

"నలుగురు మగోళ్ళ కోసరం సూడకుండా ఒక్క ఆడమనిషి తిరగేసేట్టుండల్ల. గచ్చు మీద ఎవురికీ నేర్పను. మొదటి దినం పాఠం ఇదే, లేపేది."

"నేర్పు" అంది అత్త. "ముందు నా కూతుర్ని పిలిపించి నేర్పు. అది వాకిట్లో కూచుంటే మిగతా వాళ్ళు వాళ్ళే వస్తారు."

లక్ష్మీదేవి నా సంచిలోని డబ్బాలు ఒక్కొక్కటే తీసి గూట్లో పెట్టుకుంది. సర్టిఫికెట్ మాత్రం వెనక్కిచ్చింది. ఆడబిడ్డ మొదటి పలక వేశాక తెమ్మంది.

ఆటో కోసం నిలబడి శేషగిరి గారికి ఫోను చేశాను. డబ్బా మీద 'ఎప్పటికీ చెరగదు' అనే మాట తీసేయమన్నాను.

"ఆ మాట కోసమే కదమ్మా రెండేళ్ళు నా ప్రాణం తీసినారు!"

"చెరిపే మందు కోసం ఇంకో రెండేళ్ళు తీస్తాను" అన్నాను.

నాలుగింటికి తిరుగు బస్సు. శింగనమల చెరువు దాటాక ఒక ఊరి మధ్య మేకలు అడ్డమొచ్చి ఆగింది. అంతవరకూ మనవరాలి గురించి గలగలా చెబుతున్న పక్క సీటు అవ్వ, కిటికీలోంచి ఒక ఇంటివైపు చూసి మాట ఆపేసింది.

"ఎవురో పోయినట్టుండారు, పాపం."

అక్కడ జనం లేరు, ఏడుపు లేదు. ఊడ్చి, నీళ్ళు చల్లిన ఎర్రనేల ముగ్గు లేకుండా ఖాళీగా ఉంది.

"మీకు తెలిసినవాళ్ళా?"

"కాదమ్మా. వాకిలి సెప్తాంది గదా."

మేకలు తప్పుకున్నాయి. బస్సు ఆ ఇల్లు దాటేదాకా ఇద్దరం ఆ వాకిలినే చూశాం.