అమావాస్య నాటి సున్నం

ఎర్రగుంట్ల దాటి కొంచెం పోతే రోడ్డు పక్కన ఒక డిగ్రీ కాలేజీ, దాని వెనక ఒక గ్రౌండు. శేషన్న అక్కడ ముప్ఫై రెండేళ్లుగా ఫుట్‌బాల్ నేర్పుతున్నాడు. కాగితాల మీద ఆయన ఫిజికల్ డైరెక్టరు, పిల్లలకు పీడీ సారు. వచ్చే మార్చిలో రిటైరవుతాడు.

ఆయన చేరిన రోజు స్టోరు గదిలో ఒక వాలీబాల్ నెట్టు, చెదలు పట్టిన క్యారం బోర్డు ఉన్నాయి. క్రికెట్ జట్టు తయారు చేయమన్నాడు ప్రిన్సిపాలు. శేషన్నకు క్రికెట్ రాదు. గుంతకల్లులో మేనమామ ఇంట్లో ఉండి చదువుకున్న రోజుల్లో రైల్వే గ్రౌండులో నేర్చుకున్న ఫుట్‌బాల్ ఒక్కటే ఆయనకు వచ్చిన ఆట.

"క్రికెట్‌కు బ్యాట్లు కావాల, ప్యాడ్లు కావాల. దీనికైతే ఒక్క బంతి చాలు సార్" అన్నాడు.

ఖర్చు తక్కువన్న మాట ప్రిన్సిపాలుకు నచ్చింది.

ఆ నేల నాపరాయి నేల. వాన పడినప్పుడల్లా కొత్త రాళ్లు పైకి తేలతాయి. అందుకని బంతి ముట్టుకునే ముందు ప్రతి పిల్లవాడూ పది రాళ్లు ఏరి పక్కన వేయాలని ఆయన నియమం పెట్టాడు. శనగ పొలాలున్న ఇళ్ల పిల్లలకు అది కొత్త పని కాదు. లారీలున్న ఇళ్ల పిల్లలు మొదట్లో గొణిగేవారు, తర్వాత మాట్లాడుకుంటూ ఏరేవారు. ఆ రాళ్లు ఏరేటప్పుడే ఎవరికి ఇంట్లో బాగాలేదో, ఎవరు పరీక్ష ఫీజు కట్టలేదో ఆయనకు తెలిసేది.

ఆయన అరిచేవాడు కాదు. సగం ఆటయ్యాక ఒక్కొక్కరికి ఒక్కో మాట చెప్పేవాడు. ఓడిపోయి వచ్చే రోజు అదీ లేదు. బస్టాండులో అందరికీ ఉగ్గాని, బజ్జీ తినిపించి ఊరుకునేవాడు. భార్య రామలక్ష్మమ్మ అలసందల గుగ్గిళ్లు ఉడికించి డబ్బాలో పంపేది. "మా ఆయనకు పదకొండు మంది కొడుకులు, బెంచీ మీద కూర్చునేటోళ్లు వేరే" అని నవ్వేది. ఆ కొడుకుల్లో కొందరిప్పుడు పోలీసులు, కొందరు సిమెంటు ఫ్యాక్టరీల్లో ఉన్నారు. ఒకడు తుమ్మలపల్లె గనిలో షిఫ్టు దిగి ఫోను చేస్తాడు. ఏం చెప్పాలో తెలియక, "గ్రౌండు ఎట్లుండాది సార్?" అని అడుగుతాడు. "రాళ్లుండాయిరా" అంటాడు శేషన్న.

ముప్ఫై రెండేళ్లలో యూనివర్సిటీ కప్పు ఒక్కసారీ రాలేదు. మూడుసార్లు సెమీఫైనల్ దాకా పోయారు.

ఆయనకు ఒక అలవాటు ఉంది. గ్రౌండు గీతలకు పోసే ముగ్గుపిండిని ఎవరినీ తాకనివ్వడు. తానే కొని తెస్తాడు. పోసే ముందు అరచేయి తడుపుకొని, చిటికెడు పిండి వేసి, పిడికిలి మూసి కాసేపు నిలబడతాడు. చెయ్యి చల్లగా ఉంటేనే గీత మొదలుపెడతాడు. "సారు ముగ్గుపిండికి జ్వరం చూస్తాండాడు" అని పిల్లలు ఎగతాళి చేసేవారు. ఎందుకని అడిగినవాడు లేడు.

పాతికేళ్ల కిందట ఒక అమావాస్య రోజు రాయచోటి జట్టు ఆడడానికి వచ్చింది. ముగ్గుపిండి అమ్మే సుబ్బన్న అమావాస్యనాడు అంగడి తెరవడు. ఇంకెక్కడా దొరకలేదు. శేషన్న సైకిలేసుకొని సున్నపు బట్టీకి పోయి, అడుగున మిగిలిన పిండి ఒక గోనె సంచికి ఎత్తించుకున్నాడు. నీళ్లు పోసి ఒక రోజు చల్లారనివ్వమని బట్టీ మనిషి చెప్పాడు. ఆ ఏడు వానలు లేవు. కాలేజీ తొట్టిలో తాగడానికే నీళ్లు చాలడం లేదు. ఆట రెండు గంటలకు. తెలుపు తెలుపే కదా అనుకొని, ముక్కుకు గుడ్డ కట్టుకొని శేషన్న గీతలు పోశాడు.

ఆట చివర్లో తమ గోల్‌కీపరు రాజశేఖర్ బంతి మీదికి దూకి గోల్ గీత మీద బోర్లా పడ్డాడు. బంతిని వదల్లేదు. లేచి, చెమట చేత్తో ఎడమ కన్ను నలుపుకుంటూ కేకలు పెట్టాడు. "రుద్దొద్దురా" అంటూ శేషన్న పరుగెత్తి కుండలో నీళ్లన్నీ ఆ కంట్లో పోశాడు. కుండ తొందరగా అయిపోయింది.

కర్నూలు ఆసుపత్రిలో డాక్టరు పక్కకు పిలిచి అడిగినప్పుడు శేషన్న సున్నమని నిజమే చెప్పాడు. బయట వరండాలో రాజశేఖర్ తల్లి నాగరత్నమ్మ, "ఏమైంది సార్ నా బిడ్డకు?" అని చేతులు పట్టుకుంది.

"దుమ్ము పడింది. రుద్దుకున్నాడమ్మా" అన్నాడు.

ఆ ఒక్క మాటే నిలబడిపోయింది. కన్ను పోయింది.

రాజశేఖర్ తర్వాత రెండు లారీలు కొని సిమెంటు తోలే పనిలో స్థిరపడ్డాడు. పెళ్లికి శేషన్నను పిలిచి ముందు వరసలో కూర్చోబెట్టాడు. నిరుడు అతని కొడుకు నాగచైతన్య అదే కాలేజీలో చేరాడు. మొదటి రోజే పోయి గోల్‌పోస్టుల మధ్య నిలబడ్డాడు. శేషన్న వద్దనలేకపోయాడు. ముప్ఫై రెండేళ్లలో అలాంటి కీపర్లను ఆయన ఇద్దరినే చూశాడు. రెండోవాడు వీడు.

ఈసారి పోటీలు రాయచోటిలో. ఆడే పిల్లల తండ్రులు ఒప్పుకోలు కాగితం మీద సంతకం పెట్టాలి. శుక్రవారం లోగా పంపాలి. గురువారం పొద్దున చైతన్య ఖాళీ కాగితం తెచ్చాడు.

"పెట్టడంట సార్. ఒక కన్ను ఇచ్చినాము, చాలు అంటాండాడు."

"మీ అవ్వేమంటాది?"

"నాయన మాటే అవ్వ మాట. మీరొస్తే వింటాడేమో సార్."

సాయంత్రం శేషన్న ఆ కాగితం తీసుకొని వాళ్లింటికి పోయాడు. రాజశేఖర్ అరుగు మీద కుర్చీ వేశాడు. నాగరత్నమ్మ గడప లోపల చేట ముందర పెట్టుకొని శనక్కాయలు ఒలుస్తోంది. వీపు వంగింది, చెవులు కాస్త మందగించాయి.

"కూకోండి సార్. దేనికొచ్చినారో తెలుసులే."

"వాడు బాగా ఆడతాడు రాజా."

"ఆడతాడు. నా బయం అది కాదు సార్. వాడూ నా మాదిరే తొందరగాడు. నలుసు పడితే నిలబడడు. ఆ పొద్దు మీరు రుద్దొద్దు రుద్దొద్దు అంటానే ఉంటిరి. నేను ఇనల్యా. ఇనింటే కన్ను నిలిచుండేది."

లోపలి నుంచి నాగరత్నమ్మ అందుకుంది. "వాడు యాడ ఇంటాడు? చిన్నప్పుడు పేడ చేత్తోనే కండ్లు నలుపుకునేటోడు. దున్నపోతు."

ఎన్నోసార్లు అన్నట్టుంది ఆ మాట. దానిలో కోపం లేదు. రాజశేఖర్ చిన్నగా నవ్వాడు. జేబులోంచి పెన్ను తీశాడు.

"ఇంటిదాకా వచ్చినారు. ఒక్క మాటియ్యండి సార్. వాన్ని మీ బిడ్డ మాదిరి చూసుకుంటానని అనండి. సంతకం పెడతా."

సరే అంటే చాలు. శేషన్నకు కీపరు దొరుకుతాడు, చైతన్య రాయచోటికి వస్తాడు. పెన్ను మూత తీసి ఉంది. శేషన్న కాగితం మీద చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆ పొద్దు గీతలకు పోసింది ముగ్గుపిండి కాదు రాజా" అన్నాడు. "బట్టీ సున్నం. చల్లార్చని సున్నం. నేనే తెచ్చినా, నేనే పోసినా. నువ్వు రుద్దుకోకున్నా ఆ కన్ను నిలిచేది కాదు."

రాజశేఖర్ పెన్ను మూత పెట్టాడు.

"ఇన్నేండ్లు ఎందుకు చెప్పలేదు సార్?"

"మొదట్లో ఉద్యోగం పోతాదని. తర్వాత నీ తప్పేనని నువ్వే అందరికీ చెప్తాంటివి. నాకు సులువైపోయింది."

రాజశేఖర్ లేచి నిలబడ్డాడు.

"నాకు చెప్తే చాలదు సార్. ఆమెకు చెప్పండి."

శేషన్న గడప దాటి ఆమె ముందు నేల మీద కూర్చున్నాడు. మళ్లీ మొదటి నుంచి చెప్పాడు. ఆమెకు వినపడాలని గట్టిగా చెప్పాల్సి వచ్చింది. రెండోసారి చెప్పడం కష్టమైంది. ఆమె చేతులు కాయలు ఒలవడం ఆపేశాయి.

"అయితే వీడు రుద్దుకోల్యా?"

"రుద్దుకున్నాడమ్మా. ఎవరైనా రుద్దుకుంటారు. కన్ను పోయింది దానివల్ల కాదు."

"వీని పెండ్లిలో నా చేత్తో నీకు అన్నం పెడితి."

"పెట్టినావమ్మా."

"అప్పుడన్నా అనల్యా."

"అనల్యా."

ఆమె ఇక ఆయన వైపు చూడలేదు. "ఒరేయ్ రాజా, ఈడికి రా" అంది. నలభై ఐదేళ్ల మనిషి వచ్చి తల్లి పక్కన చతికిలబడ్డాడు. ఆమె చెయ్యి కొంగుకు తుడుచుకొని అతని ఎడమ రెప్ప మీద పెట్టింది.

"ఊరికే తిట్టినా గదరా ఇన్నేండ్లు."

"పోనీలే మా."

"ఏం పోనీలే? తిట్టించుకుంటా కూకున్నావు గదరా, దున్నపోతా."

ఈసారి ఆ మాట అంటూ ఆమె కొంగుతో అతని మొహం తుడిచింది. శేషన్న లేచి నిలబడ్డాడు. కాగితం అరుగు మీద కుర్చీలోనే ఉంది. దాని సంగతి అడిగే మొహం తనకు లేదనుకున్నాడు. గడప దాటబోతుంటే రాజశేఖర్ వెనక్కి తిరగకుండానే అన్నాడు.

"సార్, ఆ కాగితం ఈడికి తేండి."

తెచ్చి ఇచ్చాడు. రాజశేఖర్ చేటలో కాయలు పక్కకు తోసి, అంచు మీద కాగితం పరిచి సంతకం పెట్టాడు. చేట కదలకుండా నాగరత్నమ్మ రెండు చేతులతో పట్టుకుంది.

"వాడు నా మాదిరి తొందరగాడైతే కానీలే సార్. వాడు ఆడతాడు. మీరు మటుకు కొన్నాళ్లు మా ఇంటికి రావాకండి."

శేషన్న తలూపి కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. మెట్టు దిగి చెప్పులు వేసుకుంటుంటే లోపలి నుంచి నాగరత్నమ్మ గొంతు వినపడింది.

"కొన్నాళ్లే అన్నాడు సారూ వాడు. ఎప్పటికీ రావద్దనల్యా."